డోలమైట్ కొండలు అలా గోడల్లా ఎందుకు లేస్తాయి?

ఈశాన్య ఇటలీలోని డోలమైట్ కొండలు ఆల్ప్స్‌లో భాగమే. కానీ ఆల్ప్స్‌లో మిగతాచోట్ల కొండ కొండను ఆనుకుని బారులు తీరితే, ఇక్కడ చాలా కొండలు దేనికది విడిగా, పచ్చిక బయళ్ల నడుమ నుంచి నిట్టనిలువునా లేస్తాయి. చివెట్టా కొండ వాయవ్యపు గోడ ఎత్తు వెయ్యి మీటర్ల పైమాటే. ఎందుకిలా?

ఒకప్పుడు ఇవి సముద్రంలో విడివిడి దిబ్బలు కాబట్టి. సుమారు 24 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఉన్నది వెచ్చని టెథిస్ సముద్రం. లోతు తక్కువున్న చోట సూక్ష్మజీవులు, నాచు, స్పంజికలు, పగడాలు సున్నపు దిబ్బలు కట్టాయి. వీటిలో చాలావాటికి వెలుతురు కావాలి. సముద్రపు అడుగేమో మెల్లగా కుంగిపోతోంది. అది దిగేకొద్దీ ఇవి పైకి కట్టుకుంటూ పోయాయి. లోతులేని నీటిలో పుట్టిన రాయి వందల మీటర్ల మందాన పేరుకున్నది అలాగే. దిబ్బల మధ్యనున్న అగాధాల్లో అగ్నిపర్వతాల లావా, బూడిద, బురద చేరాయి. ఆ మెత్తటి రాళ్లను కోట్ల ఏళ్ల తర్వాత వానలూ మంచూ కోసేశాయి, గట్టి దిబ్బలు మిగిలాయి. అంటే ఆల్పె ది సియూజీ పచ్చికలో పశువులు మేస్తున్నది ఒకనాటి సముద్రపు లోతులో పేరుకున్న రాళ్ల మీద! పక్కనున్న ష్లెర్న్ కొండ దిబ్బేనని జర్మన్ భూశాస్త్రవేత్త రిఖ్టోఫెన్ 1860లోనే గుర్తించాడు.

మరి ఆల్ప్స్ పైకి లేచినప్పుడు ఇవన్నీ నలిగిపోలేదా? ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన ఏడ్రియా ఫలకం యూరప్‌ను ఢీకొన్నప్పుడు రాళ్లు బాగా కాగి, మెలికలు తిరిగింది ఉత్తరాన. డోలమైట్లు అక్కడి ఒక పెద్ద పగులుకు దక్షిణాన ఉండిపోయాయి. అందుకే త్రె చీమె శిఖరాల్లో పొరలు ఇప్పటికీ దాదాపు పడకేసినట్టే కనిపిస్తాయి. అవి ఆటుపోట్లు తడిపిన బురదనేలల పొరలు. పెల్మో కొండ కింద పడివున్న బండ మీద డైనోసార్ల అడుగులూ ఉన్నాయి.

రాయి సంగతికొస్తే, మామూలు సున్నపురాయి మీద పలచటి యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. ఈ కొండల్లోని డోలమైట్ రాయి మీద వేస్తే దాదాపు ఉలుకూ పలుకూ ఉండదు. గీకి పొడి చేస్తే తప్ప బుడగలు సరిగా రావు. ఫ్రెంచి శాస్త్రవేత్త డొలొమ్యూ ఈ తేడాను 1791లో ప్రకటించాడు. మరుసటేడు మరో శాస్త్రవేత్త సొస్సూర్ ఆ రాయికి ఆయన పేరే పెట్టాడు. తేడాకు కారణం మెగ్నీషియం. విశాఖ ఉక్కు కర్మాగారం ఖమ్మం జిల్లా మాదారం గనుల నుంచి తెప్పించుకుంటూ వచ్చినదీ ఈ రాయే. తమాషా ఏమిటంటే, డోలమైట్లలో అన్నిటికన్నా ఎత్తయిన మార్మొలాడా (3,343 మీటర్లు) ముఖ్యంగా సున్నపురాయి కొండ!

ఇంత డోలమైట్ ఎలా ఏర్పడిందన్నది మాత్రం శాస్త్రవేత్తలను చాలాకాలం సతాయించింది. చాలావరకు అది సున్నపురాయిలోకి మెగ్నీషియం ఉన్న నీళ్లు ఇంకి మారినదే. అయితే మామూలు వేడిమిలో ప్రయోగశాలలో అది పెరగనంది. 2023లో అమెరికా, జపాన్ పరిశోధకులు ఒక మార్గం చూపారు: స్ఫటికం పెరిగేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం పరమాణువులు తప్పు చోట్ల కూర్చుని ఎదుగుదలను ఆపేస్తాయి. మధ్యమధ్య కాస్త కరగనిస్తే ఆ తప్పుపొరలే ముందు పోతాయి, మళ్లీ సరైన పొర పడుతుంది. ఈరోజుల్లో కొత్త డోలమైట్ కనబడే కొద్దిచోట్లా, అబూ ధాబీ ఉప్పునేలల్లోలాగా, నీరు వస్తూ ఎండుతూ ఉంటుంది.