గ్రామ స్వరములను భద్రపఱచుకొందము
ధ్వనిముద్రణ యంత్రము నెన్నుకొను విధము

ఇంటిపన్ను లెక్కలు, జనన మరణములు, పోరంబోకు భూముల వివరములు పంచాయతీ రికార్డులయందు భద్రముగా నుండును. కాని నాట్లువేయు తల్లులు పాడు పాటకు, వేకువజామున చెఱువుగట్టున వినవచ్చు పక్షుల కూతలకు రికార్డు ఎక్కడ నున్నది?

కోయల డోలి వాద్యముతో సమ్మక్క సారలమ్మల గాథను గానము చేసిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. 2024లో వారు కాలధర్మము నొందిరి. ఇట్టి గాయకులు పోయిననాడు, ఎవరును వ్రాసికొనని, ముద్రించి యుంచని పాటలు వారితోనే పోవును.

పక్షుల విషయమును నిట్టిదే. నశించినదని తలచిన కలివికోడి 1986లో కడప జిల్లాలో గ్రామీణుల తోడ్పాటుతో మరల కనుగొనబడినది. రాత్రివేళ సంచరించు ఈ పక్షి కంటబడుట అరుదు. శాస్త్రజ్ఞులు దాని కూతను మొదటిసారిగా ముద్రించి 2004లో ఆ వివరములు ప్రకటించిరి. ఆ కూత నెఱిగినవారికి చిట్టడవిలో పక్షి యున్నదో లేదో చెవితోనే తెలియును.

జీవవైవిధ్య చట్టము, 2002 ననుసరించి స్థానిక సంస్థలు జీవవైవిధ్య యాజమాన్య కమిటీల నేర్పఱచి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధము చేయవలసియున్నది. ఆ రిజిస్టరునకు తోడుగా గ్రామ స్వరములను గూడ భద్రపఱచుట మేలని మా సూచన. అందులకు అరచేతిలో నిముడు డిజిటల్ రికార్డరు చాలును. దాని నెన్నుకొనునపుడు గమనింపవలసిన విషయములను క్రింద వివరించుచున్నాము.

సెల్ ఫోను చాలదా?

ఏమియు లేనిచోట సెల్ ఫోనైనను మేలే. కాని అది ముఖ్యముగా మాటల కొఱకు చేయబడినది. అనేక ఫోనులు పెద్ద ధ్వనిని తమంతట తామే తగ్గించి, చిన్న ధ్వనిని హెచ్చించును. అందుచే డప్పు దెబ్బ పడినప్పుడెల్ల గాయకుని గొంతు అణగిపోవుచుండును. ఎడతెగని కీచురాళ్ల ధ్వనిని అక్కఱలేని రొదగా నెంచి తొలగించుటయు కలదు. కనుక ధ్వని స్థాయిని మన చేతితో సవరించుకొనుటకు వీలున్న రికార్డరునే కొనవలెను.

యంత్రము యొక్క సొంత బుస

ప్రతి మైకునకును, దానిలోని విద్యుత్ పరికరములకును సన్నని బుస వంటి ధ్వని యొకటి యుండును. డోలు, సన్నాయి మ్రోగునపుడు అది వినబడదు. కాని దూరమున నున్న పక్షి కూతను, కిన్నెర తీగ సన్నని నాదమును ఆ బుస మ్రింగివేయును. దుకాణములోనే దీనిని పరీక్షింపవచ్చును. నిశ్శబ్దమైన గదిలో ధ్వని స్థాయిని బాగుగా హెచ్చించి ఒక నిమిషము ముద్రించి, హెడ్‌ఫోనుతో వినుడు. రెండు మూడు యంత్రములను ఇట్లు పోల్చినచో ఏది మేలో ధర చీటీ చూడకయే తెలియును.

గాలి తొడుగు

కొన్నేండ్ల క్రిందట మేమొక గ్రామమున వృద్ధుడైన బుర్రకథ గాయకుని కథను గంటసేపు ముద్రించితిమి. మైకునకు తొడుగు వేయలేదు. హెడ్‌ఫోనుతో వినుచు సరిచూచుకొనలేదు. తిరిగివచ్చి వినగా టంబురా కంటె గాలిహోరే హెచ్చుగా నుండెను. మరల పోవుటకు జాగు చేసితిమి. మేము వెళ్లునప్పటికి ఆయన లేరు. ఆ తప్పు మాది. యంత్రముతోపాటు బొచ్చు తొడుగును, హెడ్‌ఫోనును తప్పక కొనుడని అందుచేతనే చెప్పుచున్నాము. ఆరుబయట స్పంజి తొడుగు మాత్రము చాలదు.

అంకెల సంగతి

మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వఱకు వినగలదు. ఏ ధ్వనినైనను సరిగా పట్టుటకు అందుకు రెట్టింపునకు మించి నమూనాలు తీయవలెను. కావున సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్లు గల ముద్రణ సంగీతమునకును పక్షులకును చాలును. గబ్బిలముల కూతలు చాలవఱకు మన చెవి కందనివి. వాటికి ప్రత్యేక యంత్రములు వలయును. ముద్రణమును వేవ్ రూపమున నుంచుడు. ఎం.పి.3 రూపము తక్కువ చోటు పట్టును గాని, కొంత ధ్వనిని విడిచిపెట్టును. పైన చెప్పిన కొలతలో రెండు మైకులతో గంటసేపు ముద్రించినచో దాదాపు ఒక గిగాబైటు పట్టును; 32 గిగాబైట్ల కార్డుపై సుమారు 30 గంటలు నిలువ చేయవచ్చును. బజారులో దొరకు సాధారణ బ్యాటరీలతో పనిచేయు యంత్రమైనచో విద్యుత్తు లేనిచోటను ఇబ్బంది యుండదు.

ముద్రించు విధము

యంత్రమును చేతబట్టుకొనక ముక్కాలి స్టాండుపై నుంచుడు. వ్రేళ్ల కదలిక కూడ ముద్రణలో వినబడును. మిక్కిలి పెద్ద ధ్వని సైతము కొలమానముపై సున్నకు 12 డెసిబెల్లులు తక్కువగా నుండునట్లు స్థాయిని సవరింపుడు. సున్నను దాటినచో ధ్వని పగిలిపోవును; పిమ్మట బాగుచేయుట దుస్సాధ్యము. మంద్రధ్వనులను తగ్గించు మీటను డప్పు, డోలు ముద్రించునపుడు వాడరాదు. ఏ యంత్రమునకైనను దగ్గఱగా పోవుటయే ఉత్తమము. ఆరుబయట దూరము సగమైనచో స్థాయి సుమారు 6 డెసిబెల్లులు పెరుగును. కాని గూడుకట్టిన పక్షులను సమీపింపరాదు. ముద్రించిన కూతను మాటిమాటికి వినిపించి వాటిని బెదరింపరాదు.

పాడువారి అనుమతిని ముందుగా పొందవలెను. ముద్రణ కడపట ఊరు, తేదీ, పాడినవారి పేరు, పాట సందర్భము నోటితో చెప్పించి ముద్రింపుడు. ఆనాడే రెండు ప్రతులు తీసి, ఒకటి పంచాయతీ కార్యాలయమునను మఱొకటి పాఠశాలయందును ఉంచుడు.

యంత్రము నేడు కాకున్న రేపైనను కొనవచ్చును. పాడువారు రేపటివఱకు ఉందురను భరోసా లేదు. కనుక వచ్చు పంచాయతీ సమావేశమునకు పూర్వమే మీ గ్రామమున పాటలెఱిగిన పెద్దల పేర్ల పట్టికను సిద్ధము చేయుడని కోరుచున్నాము.