వ్యాను కింద తడి మరక: బ్రేక్ ఆయిల్ పోస్తే సరిపోతుందా?

మారుతి ఓమ్ని వ్యాన్ల తయారీ 2019లో ఆగిపోయింది. అయినా సంతలకు సరుకు చేరవేస్తూ, బడి పిల్లలను తీసుకెళ్తూ అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇలాంటి పాత బండ్లలో ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, లోహపు గొట్టాలు తుప్పు పడతాయి. దాంతో ఏదో ఒక ద్రవం కారడం మొదలవుతుంది. చాలామంది తగ్గినంత పోసి బండి నడిపేస్తుంటారు. ఇంజిన్ ఆయిల్ స్వల్పంగా కారుతుంటే కొన్నాళ్లు అలా నెట్టుకురావచ్చు. కానీ కారేది బ్రేక్ ఆయిల్ అయితే ఆ అలవాటు ప్రాణాంతకం.

మరక ఏమి చెబుతుంది?

రాత్రి బండి కింద శుభ్రమైన అట్టముక్క పరిచి ఉంచితే, తెల్లారేసరికి కారుతున్నదేమిటో తెలుస్తుంది. నల్లగా లేదా గోధుమ రంగులో, జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. ఇది విషపూరితం కనుక పిల్లలకు, కుక్కలకు అందనివ్వకూడదు. ఏసీ నుంచి పడేవి మామూలు నీటి చుక్కలే. లేత పసుపు రంగులో, పలుచగా, వేళ్లకు జారుతున్నట్లుండి, మరక చక్రం లోపలి వైపున కనబడితే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. బ్రేక్ ప్యాడ్లు అరిగినప్పుడు కూడా ట్యాంకులో మట్టం నెమ్మదిగా తగ్గుతుంది. అయితే కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంటే లీకు ఉన్నట్లే.

నూనె కాని ‘ఆయిల్’

పేరులో ఆయిల్ ఉన్నా, సాధారణంగా వాడే బ్రేక్ ద్రవం పెట్రోలియం నూనె కాదు. ఇది గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. అందులో పొరపాటున ఇంజిన్ ఆయిల్ పోస్తే బ్రేకుల్లోని రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ చేరిన తర్వాత ఈ కనీస పరిమితి 140 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడెక్కిన బ్రేకుల్లో ఆ ద్రవం మరిగి ఆవిరైతే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది.

పాస్కల్ సూత్రం ఇక్కడే

మూసి ఉన్న ద్రవంపై కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ వివరించాడు. బ్రేకులు పనిచేసేది ఈ సూత్రంపైనే. పెడల్‌పై 100 న్యూటన్ల బలం వేశామనుకుందాం. మీట అమరిక వల్ల అది నాలుగు రెట్లై 400 న్యూటన్లు అవుతుంది. పిస్టన్ వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లయితే ద్రవంలో పీడనం చదరపు సెంటీమీటరుకు 100 న్యూటన్లు. కారు టైరులోని గాలి పీడనానికి ఇది నాలుగైదు రెట్లు. గట్టిగా బ్రేకు వేస్తే ఇంకా పెరుగుతుంది. అందుకే లీకుకు పైనుంచి అంటించే పేస్టులు, చుట్టే టేపులు నిలవవు.

ద్రవాన్ని నొక్కితే దాదాపు కుంచించుకుపోదు, గాలి మాత్రం కుంచించుకుపోతుంది. ద్రవం తగ్గి గొట్టాల్లోకి గాలి చేరితే పెడల్ తొక్కిన బలం ఆ గాలిని నొక్కడానికే ఖర్చవుతుంది. చాలా వాహనాల్లో బ్రేకులకు రెండు వేర్వేరు మార్గాలు ఉంటాయి. ఒకటి విఫలమైనా రెండోది పనిచేస్తుంది, కానీ బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది.

ఇంట్లో ఎంతవరకు?

పాత వ్యాన్లలో తరచుగా లీకయ్యేది వెనుక డ్రమ్ములోని వీల్ సిలిండర్. పరిశీలనకు బండిని చదునైన నేలపై నిలిపి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీతో లేపాక స్టాండుపై నిలపాలి. జాకీని మాత్రమే నమ్ముకుని గానీ, ఇటుకలు పేర్చి గానీ కిందికి దూరకూడదు. పాత బ్రేక్ షూలలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక డ్రమ్ములోని దుమ్మును ఊదకుండా తడిపి తుడవాలి.

సిలిండర్ చివరనున్న రబ్బరు తొడుగును కాస్త పైకెత్తితే లోపల ద్రవం కనిపించిందంటే సీలు పోయినట్లే. అప్పుడు సిలిండర్ మార్చాలి. ద్రవంలో నానిన షూలను కడిగి వాడకుండా, రెండు వైపులా కొత్తవి వేయాలి. తుప్పు పట్టిన గొట్టాన్ని అతకకుండా మార్చాలి. బ్రేక్ ద్రవం రంగును తినేస్తుంది కనుక బండిపై ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి.

తర్వాత గొట్టాల్లోని గాలి తీయాలి. బ్లీడింగ్ నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, దాని రెండో కొసను ద్రవమున్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి. మరొకరు నిపుల్ వదులు చేసి, పెడల్ పైకి రాకముందే బిగించాలి. బుడగలు ఆగేవరకు ఇలా చేస్తూ, ట్యాంకు ఖాళీ కాకుండా కొత్త ద్రవం పోస్తుండాలి. సీసాలోకి వచ్చిన ద్రవాన్ని తిరిగి వాడకూడదు.

చివరగా పెడల్‌ను నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టాలి. నెమ్మదిగా కిందికి దిగుతుంటే లోపం ఇంకా మిగిలి ఉన్నట్లే. మరకను గుర్తించడం ఎవరైనా చేయగలరు. బ్రేకులు విప్పిన అనుభవం లేనివారు అక్కడితో ఆగి, బండిని నడుపుకుంటూ వెళ్లకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోవాలి. సొంతంగా బాగుచేసుకున్నవారు కూడా రోడ్డెక్కే ముందు ఆ పనిని మెకానిక్‌తో ఒకసారి సరిచూపించుకోవడం మంచిది.