పాత కటకం – కొత్త కెమెరా

ఛాయాగ్రహణంలో కెమెరాకు ఆయుష్షు తక్కువ, కటకానికి ఎక్కువ. పదేళ్ళ క్రిందటి డిజిటల్ కెమెరాను ఈనాడు పాతదని పక్కన పెట్టుతున్నాము. కాని 1950 ప్రాంతంలో తయారైన ఒక మంచి కటకాన్ని శుభ్రంగా కాపాడుకొన్నట్లయితే, అది ఆనాడు కాంతిని ఏ నియమం ప్రకారం వంచినదో నేడూ అదే నియమం ప్రకారం వంచుతుంది. అటువంటి కటకాన్ని నేటి చిన్న డిజిటల్ కెమెరాకు అమర్చవచ్చునా? అమర్చితే కలిగే లాభమేమి, నష్టమేమి? పాత జర్మన్ కటకంలో ఏదో మహత్తు ఉన్నదని నమ్మి డబ్బు పోసేవారు కొందరు, పాతది గనుక పనికిరాదని త్రోసివేసేవారు మరికొందరు. ఈ రెండు అభిప్రాయాలకూ ఆధారం చాలదు. విషయాన్ని తేల్చవలసినది నమ్మకం కాదు, కొలత.

ముందుగా రేంజ్‌ఫైండర్ అనగానేమో తెలుసుకొందాము. జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమెరా 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో లోకానికి పరిచయమైనది. అది 24 మి.మీ. ఎత్తు, 36 మి.మీ. వెడల్పు గల చిన్న చిత్రాన్ని సినిమా ఫిలింపై తీసేది. వస్తువు ఎంత దూరంలో ఉన్నదో తీసేవారే అంచనా వేసుకోవలసి వచ్చేది. 1932లో వచ్చిన రెండవ లైకాలో దూరాన్ని కొలిచే సాధనాన్ని కటకంతో జోడించారు. కెమెరా ముందుభాగాన కొంత ఎడంతో రెండు చిన్న గవాక్షాలు ఉంటాయి. వాటి గుండా వచ్చే రెండు ప్రతిబింబాలు చూపరికి ఒకేచోట కనిపిస్తాయి. కటకపు వలయాన్ని త్రిప్పిన కొలదీ అవి ఒకదానికొకటి దగ్గరై, చివరకు ఒక్కటిగా కలిసిపోతాయి. కలిసిన క్షణాన కటకం సరియైన దూరానికి అమరినదన్నమాట. 1954లో వచ్చిన ఎమ్ 3 నమూనాతో మర బిగింపుకు బదులు, కొద్దిగా త్రిప్పి బిగించే కొత్త పద్ధతి వచ్చినది.

ఇక అసలు విషయం. కటకాన్ని బిగించే ముఖానికీ ఫిలింకూ మధ్య ప్రతి జాతి కెమెరాలోనూ ఒక నిర్ణీత దూరం ఉంటుంది. లైకా మర బిగింపులో అది 28.8 మి.మీ., ఎమ్ బిగింపులో 27.8 మి.మీ. 1959 నాటి నికాన్ ఎఫ్ వంటి రిఫ్లెక్స్ కెమెరాలలో కటకం వెనుక ఒక దర్పణం పైకీ క్రిందికీ ఆడవలసి ఉన్నందున, ఈ దూరం 46.5 మి.మీ. ఉంటుంది. కనుక రేంజ్‌ఫైండర్ కటకాన్ని రిఫ్లెక్స్ కెమెరాకు అమర్చదలచినచో, దానిని దర్పణం ఆడే చోటులోకి దాదాపు 19 మి.మీ. చొప్పించవలసి వస్తుంది. అది అసాధ్యం.

దర్పణం లేని డిజిటల్ కెమెరాలు వచ్చిన తరువాత ఈ అడ్డు తొలగినది. 2008లో వచ్చిన పానాసోనిక్ జి 1లో ఈ దూరం సుమారు 19 మి.మీ. మాత్రమే. 2010 నాటి సోనీ నెక్స్ కెమెరాలలో 18 మి.మీ. 27.8 నుండి 18 తీసివేయగా 9.8 మి.మీ. మిగులుతుంది. అంత మందం గల లోహపు వలయం ఒకటి మధ్యన బిగిస్తే చాలు, కటకం తన స్థానంలో తాను కూర్చుంటుంది. ఈ వలయాన్నే అడాప్టరు అంటారు. దీనిలో గాజు ఏమీ ఉండదు. రిఫ్లెక్స్ కటకాలను కూడ ఇట్లే అమర్చవచ్చును గాని, వాటికి 28.5 మి.మీ. పొడవు గల గొట్టం కావలె. చిన్న కెమెరా చిన్నదిగానే ఉండవలెనంటే రేంజ్‌ఫైండర్ కటకమే తగినది.

ఈ వలయం మందంలో చిన్న పొరపాటు ఉంటే ఏమవుతుందో మనం పాఠ్యపుస్తకంలో చదువుకొన్న కటక సూత్రమే చెప్పుతుంది. 50 మి.మీ. నాభ్యంతరం గల కటకం అనంత దూరంలోని వస్తువును 50 మి.మీ. వద్ద ప్రతిబింబింపజేస్తుంది. ఒక మీటరు దూరాన ఉన్న వస్తువుకైతే ప్రతిబింబం సుమారు 52.6 మి.మీ. వద్ద ఏర్పడుతుంది. అనగా అనంతం నుండి ఒక మీటరు వరకు గల సమస్త ప్రపంచమూ కటకపు కదలికలో 2.6 మి.మీ.లో ఇమిడి ఉన్నది! వలయం ఒక్క మిల్లీమీటరు మందమెక్కువైతే, రెండున్నర మీటర్లకు మించిన దూరంలో ఏదీ స్పష్టపడదు. మిల్లీమీటరులో పదవ వంతు ఎక్కువైనా, 25 మీటర్లకు అవతల ఉన్న వస్తువు సూక్ష్మ స్పష్టతను కోల్పోతుంది. అందుకే కొందరు తయారీదారులు వలయాన్ని కావాలనే కొంచెం పలుచగా చేస్తారు. అప్పుడు కటకంపై చెక్కిన దూరపు అంకెలు సరిపోవు. కొత్త వలయం కొన్నవారు మొదట చేయవలసిన పని, దూరపు కొండనో మీనారునో చూచి ఈ అంకెలను పరీక్షించుకోవడం.

రెండవ చిక్కు సెన్సర్ పరిమాణం. ఫిలిం స్థానంలో కాంతిని గ్రహించే ఈ ఫలకం అనేక చిన్న కెమెరాలలో ఫిలిం చిత్రం కంటె చిన్నది. నెక్స్ వంటి వాటిలో 50 మి.మీ. కటకం, ఫిలింపై 75 మి.మీ. కటకం చూపినంత దృశ్యాన్నే చూపుతుంది. జి 1 వంటి వాటిలో 100 మి.మీ. కటకం చూపినంత. నాభ్యంతరం మారదు, చిత్రం అంచులు మాత్రమే కోసుకొనిపోతాయి. 2013లో వచ్చిన సోనీ ఎ 7తో పూర్తి పరిమాణపు సెన్సర్ ఈ కెమెరాలకు లభించినది. కాని దానితో మూడవ చిక్కు బయటపడినది. రేంజ్‌ఫైండర్ విశాలదృశ్య కటకాలలో అనేకం వెనుకభాగాన ఫిలింకు అతి సమీపంగా వస్తాయి. మూలలను చేరే కిరణాలు బాగా ఏటవాలుగా పడతాయి. ఫిలిం వాటిని పెద్ద పట్టింపు లేక స్వీకరించేది. సెన్సర్ మీద గాజు పొర, దాని క్రింద సూక్ష్మ కటకాలు ఉన్నందున మూలలు చీకటిపడడం, ఎర్రని ఛాయ తేలడం, అలుకుకొనిపోవడం కద్దు. లైకా సంస్థ తన డిజిటల్ కెమెరాలలో అంచుల వద్ద సూక్ష్మ కటకాలను పక్కకు జరిపి ఈ దోషాన్ని తగ్గించినది. సాధారణంగా 50 మి.మీ., అంతకు మించిన కటకాలకు ఈ భయం తక్కువ, 35 మి.మీ., అంతకు తక్కువైన వాటిని పరీక్షించి తీరవలె. వెనుక గాజు బాగా పొడుచుకొని ఉండే సోవియట్ జుపిటర్ 12 వంటి కటకాలను, లోపలికి ముడుచుకొనే గొట్టపు కటకాలను అజాగ్రత్తగా బిగిస్తే కెమెరా లోపలి భాగాలకు తగిలే ప్రమాదమున్నది.

వాడే పద్ధతి కష్టమైనది కాదు. కటకం లేనప్పుడు కూడ షట్టరు పనిచేసేటట్లు కెమెరా పట్టికలో మార్చుకోవలె. ద్వారాన్ని పూర్తిగా తెరచి, తెరపై దృశ్యాన్ని పెద్దది చేసి చూస్తూ వలయం త్రిప్పవలె. స్పష్టమైన అంచులకు రంగు గీతలు వేసి చూపే సదుపాయం ఉంటే మరీ సులువు. పిదప ద్వారాన్ని కావలసినంత మూసుకోవలె. ఈ కటకాలలో అనేకం 70 సెం.మీ. లేదా మీటరు కంటె దగ్గరగా చూడలేవు గనుక పువ్వులకూ పత్రాలకూ పనికిరావు.

ఇంత శ్రమ ఎందుకని అడుగవచ్చును. సమాధానం కటకంపై చెక్కిన అంకెలలో ఉన్నది. నెక్స్ వంటి కెమెరాపై 28 మి.మీ. కటకాన్ని ఎఫ్ 8 వద్ద, 5 మీటర్ల దూరానికి అమర్చి ఉంచితే, సుమారు రెండున్నర మీటర్ల నుండి అనంతం వరకు అంతా స్పష్టంగా వస్తుంది. ఇక వలయాన్ని తాకనవసరం లేదు. మనుషులను, సంఘటనను చూస్తే చాలు. 1948లో గాంధీజీ అంత్యయాత్రను లైకాతో చిత్రించిన ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు కార్టియే బ్రెసాన్ వంటి వారికి చేతి వేళ్ళే దూరాన్ని ఎరిగి ఉండేవి. నేటి యంత్రం ఆ దూరాన్ని మనకు బదులుగా తానే తేల్చుతున్నది. అది సౌకర్యమే. కాని ఎన్నడూ దూరాన్ని అంచనా వేయని కన్ను ఆ విద్యను మరచిపోతుంది.

కొనదలచినవారికి ఒక హెచ్చరిక. మన తేమ వాతావరణంలో, విశేషించి కోస్తా ప్రాంతంలో, కటకాల లోపల బూజు పడుతుంది. టార్చిలైటు వేసి వెనుక నుండి చూడనిదే డబ్బు చెల్లించరాదు. ఖరీదైన పేరు కోసం అప్పు చేయరాదు. ఇంటిలోనో బంధువుల వద్దనో మూలపడి ఉన్న కటకంతో ఆరంభించడం మేలు.

కళాశాల పాలక సంఘంవారికి ఒక మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక పాత కటకాన్ని, దర్పణం లేని ఒక సామాన్య కెమెరాను ఉంచగలిగితే, కటక సూత్రాన్ని పరీక్ష కోసం వల్లించే విద్యార్థి ఆ 2.6 మిల్లీమీటర్లను తన వేళ్ళతో త్రిప్పి చూడగలడు. ఆ తరువాత ఆ సూత్రాన్ని అతనికి మళ్ళీ చెప్పవలసిన అవసరముండదు.