మొలీజె కొండ ఊళ్లు: ముందు స్టాంపింగ్, తర్వాతే టికెట్లు

ఇటలీ అనగానే మనవాళ్లకి రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్. ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన మొలీజె పేరు చాలామందికి కొత్తే. ఇటలీ వాళ్లే "మొలీజె అనేది అసలు లేదు" అని జోకులేసుకుంటారు. 1963లో అబ్రుత్సో నుంచి విడిపోయిన చిన్న రాష్ట్రం అది, జనాభా మూడు లక్షల లోపే. ఎపిసోడ్‌లో టైమ్ చాలక పైపైన చెప్పినవి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొట్టమొదటగా పాస్‌పోర్ట్ తీసి, అమెరికా వీసా స్టాంప్ ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. హెచ్1బీ వాళ్లు ఇక్కడ ఉండి పని చేసుకోడానికి ఐ-797 చాలు. బయటికెళ్లి తిరిగి రావాలంటే మాత్రం చెల్లే స్టాంప్ ఉండాలి. హెచ్4 మీద ఉన్న భార్యకైనా, భర్తకైనా ఇదే లెక్క. స్టాంప్ గడువు దాటినా కెనడా, మెక్సికోలకి 30 రోజుల లోపు వెళ్లిరావడానికి ఒక వెసులుబాటు ఉంది కదా, అది ఇటలీకి పనికిరాదు. పోనీ రోమ్‌లోనే స్టాంపింగ్ చేయించుకుందామా అంటే, సొంత దేశంలో గానీ నివాసమున్న దేశంలో గానీ అప్లై చెయ్యాలని 2025 సెప్టెంబర్‌లో విదేశాంగ శాఖ చెప్పేసింది. అంటే వారం సెలవుకని బయల్దేరినవాళ్లు అటునుంచటే ఇండియా వెళ్లి అపాయింట్‌మెంట్ కోసం కూర్చోవాల్సి రావచ్చు. అంతకాలం ఇక్కడ ఉద్యోగం, ఇంటద్దె, పిల్లల బడి ఏమవుతాయో ఆలోచించుకోండి.

స్టాంప్ బాగానే ఉంటే, తర్వాత షెంగెన్ వీసా. గ్రీన్ కార్డ్ వచ్చినా, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నంతకాలం ఇది తప్పదు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ చూపించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి 45 దాకా పడుతుంది. మీరుండే స్టేట్ ఏ కాన్సులేట్ కిందికి వస్తుందో అక్కడే అప్లై చెయ్యాలి.

ఇక మొలీజె సంగతి. అక్కడ విమానాశ్రయం లేదు. రోమ్‌లోనో నేపుల్స్‌లోనో దిగి కారు తీసుకోవడం నయం. కొండ ఊళ్లకి బస్సులు తక్కువ. అమెరికా లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, ట్రిపుల్ ఏ ఆఫీసులో ఇస్తారు. ఆటోమేటిక్ కారు కావాలని బుక్ చేసేటప్పుడే అడగండి. పాత ఊరి నడిబొడ్డున జెడ్‌టీఎల్ అని బోర్డు కనిపిస్తే కారు బయటే పెట్టి నడవండి, లేదంటే కెమెరా ఫొటోతో ఫైన్ ఇంటికొస్తుంది. మధ్యాహ్నం కాగానే షాపులు మూసేస్తారు. శాకాహారులు "సెన్సా కార్నె", అంటే మాంసం లేకుండా అని చెప్పాలి. అక్కడ కచ్చొకవల్లొ అనే చీజ్ బాగా పేరున్నది, అయితే ఇటలీ చీజుల్లో చాలావాటిని దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. పట్టింపున్నవాళ్లు అడిగి తినండి.

అన్యోనె ఊళ్లో మరినెల్లి కుటుంబం తరతరాలుగా చర్చి గంటలు పోతపోస్తోంది. సెపీనో దగ్గర పాత రోమన్ పట్నం గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి, దాని మధ్యలోంచే గొర్రెల దారి పోతుంది. ఎండాకాలం మన గొల్ల కురుమలు నీళ్లున్న చోటుకి మందలు తోలుకెళ్లినట్టే, అక్కడి కాపరులు కొండకీ మైదానానికీ మధ్య తిరిగిన దారులవి.

గొర్రెలే కాదు, మనుషులూ వలసపోయారు. ఆ ఊళ్లు అంత ప్రశాంతంగా ఉండటానికి అదొక కారణం. పాలమూరు పల్లెల్లో తాళాలేసిన ఇళ్లు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఫ్రొసొలోనె, దురోనియా లాంటి ఊళ్ల నుంచి వెస్ట్ వర్జీనియా బొగ్గు గనులకి వచ్చినవాళ్లున్నారు. 1907 డిసెంబర్ 6న మొనాంగా గనిలో పేలుడు జరిగింది. అధికారిక లెక్కలోనే 362 మంది పోయారు, వాళ్లలో ఇటలీ వాళ్లు చాలామంది. వందేళ్లు నిండిన 2007లో మొలీజె తరఫున మొనాంగాకి ఒక గంట పంపారు. అది ఇప్పటికీ ఊరి మధ్యలో ఉంది.

అందుకే స్టాంప్ లేనివాళ్లకి నేను చెప్పేది ఇది: ఈసారి లాంగ్ వీకెండ్‌కి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తే, దర్శనం అయ్యాక ఐ-79 మీద దక్షిణంగా సుమారు రెండు గంటలు పోనివ్వండి. ఫెయిర్‌మాంట్ పక్కనే మొనాంగా. చుట్టూ అపలాచియన్ కొండలు. వీసా అక్కర్లేదు. అక్కడ చనిపోయినవాళ్లు కూడా మనలాగే పని కోసం ఊరొదిలి వచ్చినవాళ్లే. గంట దగ్గర కాసేపు ఆగండి. స్టాంపింగ్ అయ్యాక, ఆ గంట వచ్చిన కొండలు కూడా చూసి రావచ్చు.