గరిమనాభి

చంకన నిండు బిందె ఉన్న స్త్రీ రెండవ వైపునకు కొద్దిగా ఒరిగి నడుస్తుంది. వీపున ధాన్యపు బస్తా మోసే హమాలీ ముందుకు వంగుతాడు. ఈ వంపులు వారికి ఎవరూ నేర్పినవి కావు. బరువు చేరగానే దేహం తన నిలకడకు అవసరమైన స్థానాన్ని తానే వెదకుకొంటుంది. ఈ నిలకడకు మూలమైన బిందువును భౌతికశాస్త్రం గరిమనాభి అంటుంది.

గరిమ అంటే బరువు. నాభి అంటే బొడ్డు; చక్రం నడుమ ఆకులన్నీ వచ్చి చేరే భాగానికీ అదే పేరు. పారిభాషిక పదాలలో ఇంత అందంగా కుదిరినవి అరుదు. వస్తువులోని ప్రతి కణాన్నీ భూమి తనవైపు లాగుతూనే ఉంటుంది. ఆ లాగుళ్ళన్నీ కలిసి ఏ ఒక్క బిందువు వద్ద పనిచేస్తున్నట్లు భావించవచ్చునో అదే గరిమనాభి. అది వస్తువు లోపలనే ఉండాలన్న నియమం లేదు. చేతిగాజు గరిమనాభి గాజులో ఎక్కడా ఉండదు. నడుమ ఉన్న శూన్యంలో ఉంటుంది.

గరిమనాభి నుండి నిట్టనిలువుగా కిందికి గీచిన రేఖ వస్తువు ఆధారపీఠం లోపల పడినంతవరకు వస్తువు నిలుస్తుంది; వెలుపలికి జారితే పడిపోతుంది. పీఠం వెడల్పుగాను, గరిమనాభి తక్కువ ఎత్తులోను ఉంటే ఆ రేఖ వెలుపలికి జారడం కష్టం. గడ్డిని ఆకాశమంత ఎత్తుకు వేసిన బండి గతుకులో ఒరిగితే తిరిగి లేవకపోవడానికి కారణమిదే. తంజావూరు బొమ్మ అడుగు గుండ్రంగా, బరువుగా ఉంటుంది. దానిని పక్కకు వంచితే గరిమనాభి పైకి లేస్తుంది. అది తిరిగి కిందికి దిగే ప్రయత్నంలో బొమ్మ నిటారుగా నిలబడుతుంది.

ఈ సూత్రాన్ని లెక్కలోనికి తీసుకొనకపోవడం ఎంతటి అనర్థమో స్వీడన్ దేశపు 'వాసా' యుద్ధనౌక కథ తెలుపుతుంది. గుస్టావస్ అడాల్ఫస్ రాజు ఆజ్ఞపై నిర్మించిన ఈ నౌకలో 64 కంచు ఫిరంగులు రెండు అంతస్తులలో అమరినవి. పైభాగం శిల్పాలతో, బరువైన దూలాలతో నిండిపోయింది. అడుగున వేసిన రాళ్ళు సుమారు 120 టన్నులు. ఆ పైబరువుకు అవి చాలలేదు. ప్రయాణానికి ముందు 30 మందిని పైతట్టుపై ఒక అంచు నుండి మరొక అంచుకు పరుగెత్తించి పరీక్షించారు. మూడవ పరుగుకే నౌక ప్రమాదకరంగా ఊగడంతో పరీక్షను ఆపించారు. ప్రయాణాన్ని మాత్రం ఆపలేదు! రాజు దూరాన యుద్ధరంగంలో ఉండి తొందరపెడుతున్నాడు. ఆయనకు కాదని చెప్పే సాహసం ఎవరికి?

నీటిలో తేలే నౌక ఒరిగినప్పుడు ఒరిగిన వైపు ఎక్కువ భాగం మునుగుతుంది. నీరు అక్కడ పైకి నెట్టి నౌకను నిలబెట్టాలని చూస్తుంది. గరిమనాభి మరీ ఎత్తున ఉంటే ఆ నెట్టుడు చాలదు. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవు నుండి బయలుదేరిన వాసా సుమారు 1,300 మీటర్లు సాగింది. ఒక గాలివిసురుకు పక్కకు వాలింది. తెరచి ఉన్న కింది అంతస్తు ఫిరంగి కిటికీలలో నుండి నీరు లోపలికి దూకింది. తీరాన నిలిచిన జనం చూస్తుండగానే నౌక మునిగింది. సుమారు 30 మంది మరణించారు. విచారణ జరిగినా ఎవరినీ దోషులుగా నిర్ణయించలేదు. ప్రధాన నిర్మాత అంతకు ముందటి సంవత్సరమే కన్నుమూశాడు.

ఆ కాలపు నిర్మాతలకు అనుభవమే కొలబద్ద. నౌక నిలకడను గణితంతో ముందుగా నిర్ణయించే పద్ధతిని ఫ్రాన్సు శాస్త్రవేత్త పియరే బూగే 1746లో తన గ్రంథంలో వివరించాడు. నేడు కొత్త నౌక సిద్ధమైన తరువాత తట్టుపై తెలిసిన బరువులను పక్కకు జరిపి, అది ఎంత ఒరిగిందో కొలిచి గరిమనాభి ఎత్తును లెక్కిస్తారు. ఆనాడు 30 మంది పరుగుతో చేసిన పరీక్ష ఇదే. 1961లో సముద్రగర్భం నుండి పైకి తీసిన వాసా స్టాక్‌హోమ్ ప్రదర్శనశాలలో దాదాపు చెక్కుచెదరకుండా నిలిచి ఉంది.