మాగాయ ఊటలో పాఠం

మా కోడలు నలభై మూడో ఏట బీఎస్సీలో చేరింది. ఇంటర్ బైపీసీతో ఆగిన చదువు. పెళ్ళి, పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్ళ మందులు... పుస్తకాలు అటకెక్కాయి. చదువు మధ్యలో ఆగినవాళ్ళ కోసమే కదా హైదరాబాద్‌లో 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు! ఇప్పుడు అంబేద్కర్ గారి పేరుతో ఉంది. దేశంలో అలాంటిది అదే మొదటిది.

మొదటి ఆదివారం క్లాసు నుంచి వచ్చి, "ఈ వయసులో బుర్రకెక్కుతుందా మావయ్యగారూ?" అంది. ద్రవాభిసరణ నిర్వచనాన్ని పదిసార్లు వల్లించిందట, పదోసారీ తప్పిందట.

పక్కనే మాగాయ జాడీ ఉంది. "అమ్మాయ్, ముక్కల్లో చుక్క నీళ్ళు పొయ్యలేదుగా. మూడో రోజుకి ఇంత ఊట ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాను.

కాసేపు జాడీకేసి చూసింది. "ముక్కలోంచే!"

అంతేగా మరి. మామిడికాయ కణాల చుట్టూ ఉన్న పల్చటి పొర నీళ్ళని పోనిస్తుంది, ఉప్పుని అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. ఉప్పు ఎక్కువున్న వైపుకి నీళ్ళు నడుస్తాయి. ద్రవాభిసరణ అంటే ఇదే. నేనింకా చెబుతూనే ఉన్నాను, "అయితే కిస్మిస్ నీళ్ళలో వేస్తే ఉబ్బేది ఇందుకేనా, తిరగేసి?" అని తనే అందుకుంది. ఇరవై ఏళ్ళుగా ఊరగాయ పెట్టిన చెయ్యి కదా! పాలు ఎంత కాచినా తోడు లేకపోతే పెరుగవదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి లేని తోడు ఈమె దగ్గర జాడీల కొద్దీ ఉంది.

వయసు అడ్డు కాదని నేననను. కొత్త పేర్లు గుర్తుండడం కష్టమే. పొద్దున నా కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది. కానీ పెద్దయ్యాక మెదడు బిగుసుకుపోతుందన్న మాట మాత్రం తప్పు. లండన్‌లో టాక్సీ లైసెన్సు కావాలంటే పాతికవేల వీధులు కంఠతా రావాలి, మూడు నాలుగేళ్ళ చదువు. అలా నేర్చుకుంటున్న 79 మందిని ఎలియనార్ మగ్వైర్, కేథరిన్ వూలెట్ అనే శాస్త్రవేత్తలు స్కాన్ తీసి చూశారు. 39 మంది గట్టెక్కారు. వాళ్ళ మెదడులో సముద్రపు గుర్రంలా వంపు తిరిగిన హిప్పోక్యాంపస్ అనే భాగం వెనకవైపు పెరిగింది. తప్పినవాళ్ళలో పెరగలేదు. 2011లో అచ్చయిన సంగతి ఇది. వాళ్ళంతా పెద్దవాళ్ళే!

మీ ఇంట్లోనూ అటకమీద పుస్తకాలున్నవాళ్ళు ఉండే ఉంటారు. ఈ వేసవిలో మాగాయ ముక్కలు పిండేటప్పుడు ఊట సంగతి ఒకసారి వాళ్ళని అడిగి చూడండి.