ఆట ఉచితం, చొక్కాకే ఖరీదు

సెల్‌ఫోనులో ‘బీజీఎంఐ’ ఆడడానికి పైసా యివ్వనక్కర లేదు. ఆటలోని బొమ్మకు కొత్త చొక్కా తొడగాలన్నా, తుపాకీకి రంగు మార్చాలన్నా మాత్రం సొమ్ము కావాలి. అదీ నేరుగా రూపాయల్లో అడగరు. రూపాయలిచ్చి ముందు ‘యూసీ’లు కొనాలి, యూసీలిచ్చి చొక్కా కొనాలి. తిరునాళ్లలో రంగులరాట్నం యెక్కితే చేతిలోని నోటు పోయినట్టు తెలుస్తుంది. ఇక్కడ అదీ తెలియదు. పైగా చాలా యిళ్లలో ఫోను ఒక్కటే. ధాన్యం డబ్బు పడే ఖాతా కూడా దానికే ముడిపడి వుంటుంది.

కొన్న చొక్కా నిలుస్తుందన్న భరోసా కూడా లేదు. కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించింది. దాని స్థానంలో 2021లో వచ్చిన బీజీఎంఐ 2022 జులైలో ప్లే స్టోరు నుంచి మాయమై, 2023లో గాని తిరిగి రాలేదు.

ఆట మానమంటే కుర్రకారు వినరు. మాననక్కర లేదు కూడా. చొక్కా మారినంత మాత్రాన గురి కుదరదని వారికీ తెలుసు. ఇంట కంప్యూటరు వున్నవారికైతే ‘ఎపిక్ గేమ్స్’ దుకాణం వారం వారం ఆటలు ఉచితంగా యిస్తోంది.

ఫోను వున్న పెద్దలు చేయవలసింది ఒకటుంది. ప్లే స్టోరు సెట్టింగులలో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగేటట్టు పెట్టుకోవాలి. దానినీ, యూపీఐ పిన్‌నూ పిల్లలకు చెప్పరాదు. పొరపాటున కొన్నదానికి 48 గంటలలోపు గూగుల్‌ను వాపసు కోరవచ్చు. తప్పక యిస్తారని కాదు. బ్యాంకు సందేశాన్ని ఆ పూటే చూసుకుంటేనే ఆ గడువైనా అక్కరకు వస్తుంది.